మెడూసా దండయాత్ర — హతసంఖ్యావిమర్శ

యుద్ధవృత్తాంతములను విమర్శించుట సైనికుల పనియో, చరిత్రకారుల పనియో కాని సాహిత్యపరిశోధకుల పని కాదని కొందఱు తలంపవచ్చును. ఆ తలంపు సరియైనది కాదు. యుద్ధము ముగిసిన మఱునాఁటినుండి లోకమునకు మిగులునది దాని వృత్తాంతమే. ఆ వృత్తాంతమునకు నామధేయ ముండును, ఆద్యంతము లుండును, నాయకప్రతినాయకు లుందురు, కడపట ఫలశ్రుతియు నుండును. ఇన్ని కావ్యధర్మములు గల రచనను కావ్యపరీక్షకు లోఁబఱుపకుండుట మన శాస్త్రమునకే కొఱఁత. వ్యాసభారతమును, పల్నాటి వీరచరిత్రమును, బొబ్బిలికథను పరిశీలించిన కన్నులతోనే మన కాలపు యుద్ధకథలనుగూడఁ జూడవచ్చును, చూడవలెను.

ఈ వ్యాసమున విచారమునకుఁ గొన్నది 2006 సెప్టెంబరు నెలలో కందహారు సీమయందు నాటో కూటమి కాల్బలములు తాలిబాన్ తిరుగుబాటుదారులపై నడపిన ‘ఆపరేషన్ మెడూసా’ యను దండయాత్ర. ఆ మాసము 2వ తేదీని మొదలై 17వ తేదీని ముగిసినట్లు ప్రకటింపఁబడిన స్వల్పకాలికయుద్ధ మిది. దీనినిగూర్చి పెక్కు రచనలు వెలువడినవి. వానిలో నొక్క యంశమునే, అనఁగా హతుల సంఖ్యనే, ప్రధానముగఁ బరిశీలింతును. యుద్ధకథలో సంఖ్య యలంకారమా, ప్రమాణమా, లేక కర్తవ్యమునకు మొదటి మెట్టా యనునదియే ప్రశ్నము.

వృత్తాంతము

కందహారు పట్టణమునకుఁ బడమట అర్ఘందాబ్ నది కిరుప్రక్కల పంజ్వాయీ, జరీ యను మండలము లున్నవి. అది ద్రాక్షకును దానిమ్మకును పేరువడసిన కాఁపుసీమ. అచ్చటి ద్రాక్షతోఁటలకుఁ బందిళ్లు లేవు. నడుమెత్తు మట్టికట్టలు వరుసగాఁ బోసి, వానిమీఁదికిఁ దీఁగెలను బ్రాఁకింతురు. కట్టకుఁ గట్టకు నడుమ లోఁతైన చాళ్లుండును. పండిన ద్రాక్షను కిస్మిస్ చేయుటకై యెండఁబెట్టు మట్టికొట్టములు పొలములం దంతటఁ గానవచ్చును. వాని గోడలు మిక్కిలి దళమైనవి. గాలి యాడుటకై సన్నని రంధ్రములు వానియందు విడువఁబడును. వ్యవసాయమునకుఁ గావించిన యీ యేర్పాటే యుద్ధమునకుఁ గోటయైనది. చాళ్లు కందకములైనవి, కొట్టములు బురుజులైనవి, గాలిరంధ్రములు తుపాకిరంధ్రములైనవి. ఈ సీమలోని సంగిసార్ గ్రామమందలి మదరసాయందే ముల్లా ఒమర్ 1994వ సంవత్సరమునకు ముందు బోధకుఁడై యుండెను. కావున తాలిబానుల కిది పుట్టినింటివంటి భూమి.

2006 జూలై 31వ తేదీని దక్షిణ ఆఫ్‌ఘనిస్థానపు సైన్యాధికారము నాటో చేతికి వచ్చినది. అంతవఱకు కొట్టి తొలఁగిపోవు పద్ధతినే యవలంబించుచుండిన తాలిబానులు పష్మూల్ ప్రాంతమున నిలిచి పోరాడుటకు సిద్ధపడిరి. కెనడాకుఁ జెందిన బ్రిగేడియర్ జనరల్ డేవిడ్ ఫ్రేజర్ దక్షిణభాగమునకు సేనాని. లెఫ్టినెంట్ కర్నల్ ఒమర్ లవోయీ నడపిన రాయల్ కెనడియన్ రెజిమెంటు మొదటి పటాలము దండయాత్రకు ముఖ్యాంగము. అమెరికా, బ్రిటను, నెదర్లాండ్సు, డెన్మార్కు దేశముల బలములును, ఆఫ్‌ఘను జాతీయసైన్యమును తోడ్పడినవి.

సెప్టెంబరు 2వ తేదీని సహాయార్థమై యెగురుచున్న నిమ్రాడ్ అను బ్రిటిషు విమానము నిప్పంటుకొని కూలఁగా అందలి 14 మందియు మరణించిరి. అది శత్రువుల చేఁత కాదు. ఆకాశమున నింధనము నింపుకొన్న పిమ్మటఁ గలిగిన ప్రమాదమని విచారణలవలనఁ దేలినది. 3వ తేదీని కెనడా సైనికు లర్ఘందాబు నేఱు దాఁటి, ‘తెల్లబడి’ యని వారు పిలిచిన పాఠశాలా భవనమువైపు నడచిరి. శత్రువులు మూఁడువైపులనుండి కాల్చిరి. నలుగురు సైనికులు మడిసిరి. తక్కినవారు మఱల నేఱు దాఁటి దక్షిణపు టొడ్డునకుఁ జేరిరి. మఱునాఁడు ప్రాతఃకాలమున అమెరికా విమాన మొకటి పొరపాటున స్వపక్షమువారిమీఁదనే గుండ్లు కురిపింపఁగా ఒకఁడు చనిపోయెను; ముప్పదిమందికిఁ బైగా గాయపడిరి. అంతట సేనాని యుపాయము మార్చి యుత్తరమునుండి క్రమక్రమముగా నడిపించెను. ఫిరంగులును విమానములును దారి చేసినవి. మాసము నడుమకు పష్మూల్ స్వాధీనమైనది. 17వ తేదీని జయము ప్రకటితమైనది. 18వ తేదీని పంజ్వాయీయందు పిల్లలకుఁ గానుక లిచ్చుచున్న సైనికుల నడుమకు సైకిలుమీఁద వచ్చిన యొకఁడు తన్నుఁ దాను ప్రేల్చుకొనఁగా నలుగురు కెనడా సైనికులు హతులైరి. కథ ముగిసినదన్న మఱునాఁడే కథ మఱల మొదలైనది.

పేరు

కాశ్మీరదేశీయుఁడగు క్షేమేంద్రుఁడు ఔచిత్యవిచారచర్చయందు నామమున కుండవలసిన యౌచిత్యమును వేఱుగఁ బేర్కొనెను. దండయాత్రలకుఁ బేరిడువా రీ విచారము చేయుదురో లేదో కాని, పేరు పెట్టిన పిమ్మట అది కథను వెన్నాడక మానదు. మెడూసా యవనపురాణములందలి యొక రాక్షసి. ఆమె శిరోజములు సర్పములు. ఆమె నెదుర్కొని చూచినవాఁడు ఱాయి యగును. పెర్సియసను వీరుఁ డామెను నేరుగాఁ జూడక, నిగనిగలాడు డాలునందలి ప్రతిబింబమును జూచుచు తల నఱకెను. ఆ తల నతఁడు కొనిపోవుచుండఁగా లిబియా యెడారియందు రాలిన నెత్తుటిబొట్లనుండి సర్పములు పుట్టెనని కథ.

పేరు పెట్టినవారు తల నఱకుటవఱకే తలంచిరి కాఁబోలు. కథ యంతటితో నిలువదు. నెత్తుటిబొట్టునుండి పగ మఱల మొలచునను భావము మన మార్కండేయపురాణమందలి రక్తబీజుని కథయందును గలదు. అచ్చట దేవి యా చిక్కు నెఱిఁగి, బొట్టు నేల రాలకుండ కాళిని నియోగించెను. ఇచ్చట నట్టి యేర్పాటు లేదు. అదే 2006 డిసెంబరులో నా సీమయందే ‘బాజ్ త్సుకా’ యను మఱియొక దండయాత్ర యవసరమైనది. 2010లో అమెరికా సైన్యము జరీ మండలముమీఁదికి మఱల నడచినది. 2021 జూలైలో పంజ్వాయీయు, ఆగస్టులో కందహారును తాలిబానుల వశమైనవి. కావున నీ పేరునం దనౌచిత్యము లేదు. పేరు పెట్టినవారు కోరని యౌచిత్య మున్నది.

ప్రతిబింబమునుగూర్చిన మాటయు నిచ్చట మఱవరాదు. పెర్సియసు శత్రువును నేరుగాఁ జూడలేదు. ఈ యుద్ధమునందును శత్రుహతులలోఁ బెక్కండ్రు విమానములయందలి యంత్రనేత్రములకే కానవచ్చిరి. డాలునందు చూచి తల నఱకవచ్చును. కాని డాలునందు చూచి శవములను లెక్కించుట యెట్లు?

సంఖ్య

దండయాత్ర మొదలైన రెండవనాఁడే, అనఁగా సెప్టెంబరు 3వ తేదీనే, 200 మందికిఁ బైగా తాలిబానులు హతులైరని నాటో ప్రకటించెను. ఆ సంఖ్య దినదినము పెరిగి 500 దాఁటెను. కడపట హతులు 512 మంది, పట్టుబడినవారు 136 మంది యను లెక్క గ్రంథములందుఁ జోటుచేసికొన్నది. పిమ్మట నాటో సర్వసేనాధిపతి జనరల్ జేమ్సు జోన్సు హతుల సంఖ్య వేయి వఱకు నుండవచ్చు ననియు, వేయిన్నేనూఱన్నను దాను ఆశ్చర్యపడననియు భావము వచ్చునట్లు చెప్పెను.

ఇందు విమర్శకుఁడు గమనింపవలసిన విషయములు రెండు. మొదటిది ప్రమాణము. 3వ తేదీని ఏఱు దాఁటిన సైన్యము వెనుకకు వచ్చినది. యుద్ధభూమి యా సాయంకాలమున శత్రువుల చేతనే యున్నది. కావున 200 అను సంఖ్య ప్రత్యక్షము కాఁజాలదు. అది యనుమానము, కొంత శబ్దము. అనఁగా దూరమునుండి చూచినదియు, ఒకరు చెప్పఁగా వినినదియు. అనుమానమును అనుమానముగాఁ జెప్పిన దోషము లేదు. కాని 512 అను సంఖ్య యొకట్ల స్థానమువఱకు నిలువఁదీసి చెప్పఁబడినది. ఐదునూఱులని చెప్పిన వినువాఁ డది యుజ్జాయింపని గ్రహించును. ఐదునూటపండ్రెండనఁగానే, ఎవఁడో శవముల నడుమ నడచి, వ్రేలు చూపి లెక్కించినాఁడని నమ్మును. ఆ కడపటి పండ్రెండే యనుమానమునకుఁ బ్రత్యక్షవేషము కట్టినది. అతిశయోక్తి పెద్ద సంఖ్యయందే యుండునని మన యలవాటు తలంపు. ఇచ్చట నతిశయోక్తి చిన్న సంఖ్యయందుఁ దాఁగియున్నది. ఒకే యుద్ధమునకు 512 అను ఖండితమైన లెక్కయు, వేయి కావచ్చు, వేయిన్నేనూఱైనను కావచ్చునను లెక్కయు ఒకే పక్షమునుండి వెలువడుటయే యీ వేషమును బయలుపెట్టుచున్నది.

రెండవది పంక్తిభేదము. ఈ యుద్ధమునందు హతులు మూఁడు పంక్తులలోఁ గూర్చుండిరి. కూటమి సైనికులు మొదటి పంక్తి. వారిలోఁ బ్రతివాని పేరు, ఊరు, వయస్సు, తలిదండ్రుల దుఃఖము వ్రాయఁబడినవి. అది న్యాయమే. శత్రువులు రెండవ పంక్తి. వారికి పేళ్లు లేవు, సంఖ్య మాత్రమున్నది. పొలములవారు మూఁడవ పంక్తి. ముందుగా హెచ్చరిక చేయఁబడినందున వేలకొలఁది కుటుంబములు ద్రాక్షకోఁత కాలమున నిండ్లు విడిచి పోయెను. పోలేక మిగిలినవారిలో నెందఱు చనిపోయి రనుటకు పేళ్లును లేవు, నికరమైన సంఖ్యయు లేదు. నామము గలవారు, సంఖ్య మాత్రము గలవారు, రెండును లేనివారు — ఈ విభాగము రణభూమిలో జరిగినది కాదు; వాక్యములలో జరిగినది. కనుకనే యిది సాహిత్యవిమర్శకు విషయము.

మూఁడు గ్రంథములు

ఈ దండయాత్రనుగూర్చి వెలువడిన గ్రంథములలో మూఁటిని ముఖ్యముగఁ జెప్పవచ్చును. మొదటిది సైనికచరిత్రకారుఁడైన కర్నల్ బెర్న్‌డ్ హార్న్ వ్రాసిన ‘నో లాక్ ఆఫ్ కరేజ్’ (2010). రెండవది పత్రికావిలేఖరియైన గ్రేమ్ స్మిత్ వ్రాసిన ‘ది డాగ్స్ ఆర్ ఈటింగ్ దెమ్ నౌ’ (2013). మూఁడవది సేనానియైన ఫ్రేజరే వ్రాసిన ‘ఆపరేషన్ మెడూసా’ (2018).

హార్న్ గ్రంథనామమునకు ‘ధైర్యమునకుఁ గొదువ లేదు’ అని యర్థము. దాని బలము పోరాడినవారి వాఙ్మూలములయం దున్నది. ఏఱు దాఁటిననాఁటి యలజడియు, మిత్రవిమానము గుండ్లు కురిసిన ప్రాతఃకాలమును అందుఁ జదివినవాఁడు కాల్బలమువాని కష్టము నెఱుఁగును. వీరరస మందుఁ గృత్రిమము కాదు. కాని వీరరసమునకు ఆలంబనమైన ప్రతినాయకుఁ డచ్చట నీడవలె నున్నాఁడు. మన యాలంకారికులు ప్రతినాయకుని గుణములను వర్ణించుటచేతనే నాయకుని యుత్కర్ష తేలునని చెప్పిరి. శత్రువును సంఖ్యగా మార్చిన వృత్తాంతమున నాయకునికే నష్టము.

ఫ్రేజర్ గ్రంథమునకు ‘ఆఫ్‌ఘనిస్థానమును తాలిబానులనుండి రక్షించిన ఘోరయుద్ధము’ అని యర్థమిచ్చు ఉపశీర్షిక కలదు. ఇది ఫలశ్రుతి. ఫలశ్రుతిని గ్రంథాంతమున నుంచుట మన యాచారము. ఈయన దానిని ముఖపత్రముననే నిలిపెను. గ్రంథము వెలువడిన మూఁడేండ్లకు, 2021 ఆగస్టు 15వ తేదీని, కాబూలు తాలిబానుల వశమైనది. సేనానికి న్యాయము చేయవలెనన్న నొకమాట చెప్పవలెను: 2006లో కందహారు పట్టణము పడిపోలేదు, ఆనాఁ డది పడిపోయియుండిన నాటో కూటమి నిలుకడయే సందేహాస్పదమై యుండెడిదని వా రనుటలో యుక్తి కలదు. ఆ సంవత్సరమునకుఁ దగిన మాటయే యది. దోషమెచ్చట ననఁగా, ఒక ఋతువున దక్కిన ఫలమును శాశ్వతఫలముగఁ జెప్పుటయందు.

స్మిత్ గ్రంథనామమునకు ‘ఇప్పుడు వారిని కుక్కలు తినుచున్నవి’ అని యర్థము. 2013లో కెనడా దేశపు హిలరీ వెస్టన్ రచనాపురస్కారము దీనికి లభించినది. బీభత్సమును శీర్షికగాఁ బెట్టుట యౌచిత్యమా యని కొందఱు ముఖము చిట్లింపవచ్చును. కాని భారతము నెఱిఁగినవానికి ఈ శీర్షిక వినఁగానే స్త్రీపర్వము జ్ఞప్తికి రాక మానదు. గాంధారి దివ్యదృష్టితోఁ జూచిన కురుక్షేత్రమున నున్నవి నక్కలు, కాకులు, గ్రద్దలు, వానికి గురియైన రాజదేహములు. వ్యాసుఁడా దృశ్యమును దాఁచలేదు. పైఁగా దానిని జూచుభారము శత్రుపక్షపు తల్లికి నిచ్చెను. స్మిత్ గ్రంథము ఆ స్థానమునకుఁ జేరినదని నే ననను. అచ్చటికిఁ బోవు త్రోవ యెటునున్నదో చూపినదని మాత్ర మందును.

స్త్రీపర్వము

ఇచ్చట నొక జాగ్రత్త కావలెను. కందహారు గాంధారమే యనియు, గాంధారి యా యూరి యాఁడుపడుచే యనియు లోకమున వాడుక కలదు. శబ్దసామ్యము కన్నులకుఁ గట్టినట్లున్నను ప్రాచీన గాంధారదేశము పెషావరు, తక్షశిల ప్రాంతమునకుఁ జెందినది. కందహారుసీమ యవనులు అరఖోసియా యని పిలిచినది. కావున నేను స్త్రీపర్వమును దెచ్చుట స్థలసామ్యమునుబట్టి కాదు, విషయసామ్యమునుబట్టి.

వ్యాసభారత స్త్రీపర్వమున ధృతరాష్ట్రుఁడు యుధిష్ఠిరుని రెండు ప్రశ్నము లడుగును. ఎందఱు చచ్చిరి? చచ్చినవారు ఏ గతులకుఁ బోయిరి? యుధిష్ఠిరుఁడు మొదటిదానికి సంఖ్యతో నుత్తర మిచ్చును: 166 కోట్ల 20 వేలమంది హతులు, కానరానివారు 24,165 మంది. ఇందలి సంవిధానమును జాగ్రత్తగాఁ జూడవలెను. సంఖ్యను అడిగినవాఁడు ఓడినవారి తండ్రి. చెప్పినవాఁడు గెలిచినవాఁడు. గెలిచినవాఁడు సంఖ్యను సభలోఁ జాటలేదు, అడుగఁగాఁ జెప్పినాఁడు. లెక్క ముగిసినతోడనే ధృతరాష్ట్రుఁడు, దిక్కున్నవారికిని దిక్కులేనివారికిని సంస్కారము జరుగునా యని యడుగును. యుధిష్ఠిరుఁడు సుధర్మను, ధౌమ్యుని, సంజయుని, విదురుని, యుయుత్సుని నియోగించును. నానాదేశములనుండి వచ్చి పడిన యనాథశవములను విదురుఁడు రాశులుగాఁ జేర్పించి, నేతితోఁ దడిపిన కట్టెలతో దహింపఁజేయును.

అనఁగా భారతమున సంఖ్య సంస్కారమునకుఁ బూర్వాంగము. ఎందఱో తెలియనిదే ఎన్ని చితులు పేర్చవలెనో తెలియదు. హతులతోపాటు కానరానివారి సంఖ్యనుగూడఁ జెప్పుటలోఁ గల సూక్ష్మము మిక్కిలి గొప్పది. కానరానివాఁ డుండెనని యొప్పుకొనిన లెక్కయే నిజాయితీగల లెక్క. 512లో నట్టి మిగులు లేదు.

కందహారు శిల

ఇఁక స్థలసామ్యమే కావలెనన్న, అదియుఁ గలదు. అది పురాణమునుండి కాక శాసనమునుండి వచ్చుచున్నది. పాత కందహారునందు 1958లో అశోకుని యవన, అరమాయిక ద్విభాషాశాసనము బయల్పడినది. 1963లో యవనభాషలోని మఱియొక శిల దొరకినది. ఈ రెండవదానియందు పండ్రెండవ ధర్మలిపి చివరిభాగమును, పదుమూఁడవ ధర్మలిపి మొదటిభాగమును గలవు. పదుమూఁడవ ధర్మలిపి కళింగయుద్ధమునుగూర్చినది. కళింగము మన యుత్తరసీమతోఁ గలసిన దేశము. ఆ లిపి ప్రాకృతపాఠమందలి ప్రజాగణనలో ఆంధ్రులును పేర్కొనఁబడిరి. మన కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడియందును అశోకుని ధర్మలిపులు చెక్కఁబడియున్నవి. కావున తెలుఁగువారికి ఈ కందహారుశిల పరాయిది కాదు.

ఆ శిలపై నున్నది సంఖ్యయే. పట్టాభిషేకమైన యెనిమిదవయేఁట కళింగము జయింపఁబడెననియు, 1,50,000 మంది చెఱగొనిపోఁబడిరనియు, 1,00,000 మంది చంపఁబడిరనియు అందుఁ గలదు. మూఁడవ వర్గమునుగూర్చి పాఠభేద మున్నది. ప్రాకృతపాఠము మఱి పెక్కురెట్లు మరణించిరనుచున్నది. యవనపాఠము ఇంచుమించు నంతమందియే మరణించిరనుచున్నది. పాఠమేదైనను విషయ మొకటే: కత్తివ్రేటునఁ గాక యుద్ధఫలముగఁ జచ్చినవారినిగూడ నొక వర్గముగ నెన్నినది గెలిచిన రాజే. మన మూఁడవ పంక్తివారికి ఇరువదిరెండు శతాబ్దములకుఁ బూర్వమే యా కందహారుననే పంక్తి యేర్పడియున్నది. ఆ పిమ్మట రాజునకు జాలియుఁ గనికరమును గలిగెనని యవనపాఠము చెప్పుచున్నది. ప్రాకృతపాఠము మఱియొక మెట్టెక్కి, ఆ కష్టపడినవారిలో నూఱవపాలైనను వేయవపాలైనను ఇపు డట్టి గతి నొందిన రాజునకు భారమే యగునని చెప్పుచున్నది. హతుల లక్షకు నూఱవపాలు వేయి, వేయవపాలు నూఱు. 512 ఈ రెంటికి నడుమ నున్నది. రాజు భారమని చెప్పిన మేరలోనే పడిన సంఖ్య, ఆ శిల దొరకిన సీమయందే, జయచిహ్నముగఁ జాటఁబడినది.

అశోకుని నిర్దోషిఁగా నిలుపుట నా యుద్దేశము కాదు. అతఁడు కళింగమును మఱల నిచ్చివేయలేదు. ప్రాకృతపాఠమున అడవిజనులకు హెచ్చరికయుఁ గలదు. పశ్చాత్తాపము చెందినను తనకు దండించు శక్తి కలదని వారికిఁ దెలుపుచున్నాఁడు. కళింగములోని ధౌళి, జౌగడ శిలలపై పదుమూఁడవ ధర్మలిపి చెక్కఁబడనేలేదు. చచ్చినవారి బంధువులు చదువుచోట సంఖ్య లేదు. దూరముననున్న యవనులు చదువుచోట నున్నది. పశ్చాత్తాపమునందును రాజనీతి యుండునని దీనివలన గ్రహింపవలెను. అయినను గెలిచినవాఁడు తనచేఁ జచ్చినవారిని తన దుఃఖమునకుఁ గారణముగా నెన్నుట ఆ శిలపై నున్నది, దానిని కాదనఁజాలము.

ఆక్షేపసమాధానములు

ఈ విమర్శకు మూఁ డాక్షేపములు రావచ్చును. భారతమందలి సంఖ్యయు నతిశయోక్తియే కదా యనునది మొదటిది. నిజమే. పదునెనిమి దక్షౌహిణులలోని మనుష్యులును, ఏనుఁగులును, గుఱ్ఱములును, రథములును కలిపి లెక్కించినను నలువదిలక్షలకు లోపలనే నిలుచును. 166 కోట్లతో నది పొసఁగదు. కాని యతిశయోక్తి యేల చేయఁబడినదో చూడవలెను. దుఃఖ మపారమని తెల్పుటకు సంఖ్యను పెంచినవాఁడు వ్యాసుఁడు. జయము సంపూర్ణమని తెల్పుటకు సంఖ్యను పెంచినవారు యుద్ధప్రకటనకర్తలు. అలంకార మొకటే, అంగియగు రసము వేఱు. వ్యాసుని సంఖ్యను ఏ పాఠకుఁడును సైన్యపు లెక్కగాఁ దీసికొనఁడు; 512ను ప్రతి పాఠకుఁడు నట్లే తీసికొనును.

రెండవ యాక్షేపము: శత్రువులు తమ శవములను రాత్రివేళఁ గొనిపోవుదురు, పేళ్లు దాఁచుదురు, పల్లెవాని వేషముననే పోరాడుదురు, అట్టివారిని లెక్కించుట యెట్లు? ఇది బలమైన యాక్షేపమే. కాని దీనివలన సిద్ధించునది లెక్క కష్టమనియే కాని, లెక్క నిశ్చయమని కాదు. పల్లెవానిని పోరాడువానినుండి వేఱుచేయలేమని చెప్పిన నోటితోనే, చచ్చిన 512 మందియు పోరాడువారే యనుట పరస్పరవిరుద్ధము. తర్కమున దీనికి వ్యాఘాతమని పేరు.

మూఁడవది: సైన్యాధికారులు కవులు కారు, వారి ప్రకటనలను కావ్యములవలెఁ బరీక్షింపరాదు. ఆ ప్రకటనలు ప్రకటనలుగానే నశించిన నేను నంగీకరింతును. అవి నశింపవు. నేఁడు విలేఖరి గ్రహించును. ఱేపు గ్రంథకర్త యెత్తి వ్రాయును. ఎల్లుండి బాలుర పాఠమందుఁ జేరును. చేరినపిమ్మట అది యెవ్వరును బ్రశ్నింపని సత్యమై కూర్చుండును. గ్రంథస్థమగు ప్రతివాక్యమునకును పరీక్ష విధి.

ఉపసంహారము

పష్మూల్ పొలముల నడుమనుండి దండయాత్ర పిమ్మట క్రొత్తబాట యొకటి వేయఁబడినది. సైనికులు దానిని ‘రూట్ సమ్మిట్’ అనిరి. ద్రాక్షకట్టలను చదునుచేసి వేసిన యా బాటను కాచుచును కొందఱు సైనికులు ప్రాణములు కోలుపోయిరి. బాటను వేసినవారి కథయుఁ గాచినవారి కథయు మనకుఁ జేరినవి. ఆ కట్టలు పోసిన కాఁపుల కథ మనకుఁ జేరలేదు. అది చేరనంతకాలము ఈ యుద్ధమునుగూర్చిన వాఙ్మయ మసమగ్రమని చెప్పుట విమర్శకుని ధర్మము. చేరినవారి ధైర్యము నందువలనఁ దక్కువచేసి చెప్పనక్కఱలేదు.

కావున యుద్ధవృత్తాంతములను జదువునపుడు హతసంఖ్యకడ నాఁగి మన మడుగవలసినది యిది: లెక్కించినవాఁ డెచ్చట నిలిచి లెక్కించెను? లెక్కించిన పిమ్మట నేమి చేసెను? యుధిష్ఠిరుఁడు చితులు పేర్పించెను. అశోకుఁడు తన మనోభారమును ఱాతిపైఁ జెక్కించెను. రెండును చచ్చినవారిని మఱల బ్రతికింపలేదు. కాని చచ్చినవారు మనుష్యులనుటను నిలిపినవి. పాఠశాలలయందు భారతకథ చెప్పు పండితులు యుద్ధపర్వములతోఁ గథ నాపక, స్త్రీపర్వమందలి యా సంఖ్యాప్రశ్నమును, దానివెంట వచ్చు విదురుని దహనకర్మమును తప్పక బాలురకుఁ జదివి వినిపింపవలెనని కోరుచున్నాను. ఏ దేశపు యుద్ధవార్త చెవిని బడినను, ఆ బాలురు చచ్చినవారిని లెక్కించి యూరకుండక, లెక్కించినవానినిగూడ ప్రశ్నింప నేర్తురు.